ఒకే బండి, నాలుగు ఇంజనాయిళ్లు, 9,300 కిలోమీటర్లు: విశాఖ డైరీ

బండి 150 సీసీ, ఎయిర్ కూల్డ్, ఐదు గేర్లు, 2013 మోడల్. డైరీ మొదలుపెట్టిన రోజు మీటరు 61,240. రోజూ మధురవాడ నుంచి గాజువాక, మళ్లీ వెనక్కి. రానూపోనూ యాభై కిలోమీటర్ల పైనే. ఉదయం హనుమంతవాక దాకా సాఫీగా పోతుంది, మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ కూడలి దాకా ఒకటో గేరు, రెండో గేరు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ జరిగినవి బండి తప్పులు కావు, నావి.

మాన్యువల్‌లో ఉన్నది: చిక్కదనం 10డబ్ల్యూ-30, ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) నాణ్యత తరగతి ఎస్‌జే లేదా ఆపైది, జాసో (బైకు ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) తరగతి ఎంఏ. పాత ఆయిల్ తీశాక పోయాల్సింది 1 లీటరు. చివరి పేజీల్లో చిన్న ఉష్ణోగ్రత పట్టీ ఉంది. అందులో వేడి ప్రాంతాలకు 10డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 కూడా వాడొచ్చని గీతలు గీశారు. ఆ పట్టీ నేను చాలా ఆలస్యంగా చూశాను.

పనిముట్లు

డ్రెయిన్ బోల్టుకి సరిపోయే రింగు పానా, గరాటు, ఒకటిన్నర లీటరు కొలత జగ్గు (120), మందుల షాపులో 20 మి.లీ. సిరంజీలు రెండు, సూది లేకుండా (40), దూరం నుంచి వేడి కొలిచే గన్ను (950). పనిముట్ల ఖర్చు రూ. 1,110. ఇది వేరుగా పెట్టాను, కింది మొత్తాల్లో కలపలేదు.

దశ 1: కారు ఆయిల్ (61,240 – 61,724)

బావగారి కారు సర్వీసింగ్‌లో మిగిలిన డబ్బా ఇంట్లో ఉంది. 5డబ్ల్యూ-30, ఫుల్లీ సింథటిక్, ఏపీఐ ఎస్‌ఎన్. నా బండికి కావలసిన 30 అంకె దాని మీదా ఉంది, ఎస్‌ఎన్ అంటే ఎస్‌జే కంటే పై తరగతి, పైగా ఖరీదైనది. పోసేశాను. ఖర్చు వాషర్‌కి పది రూపాయలు.

మొదటి మూడు వందల కిలోమీటర్లు బాగుంది. శబ్దం తగ్గింది, గేర్లు వెన్నలా పడ్డాయి. నాలుగో వందలో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి ఒక్క క్షణం వెనకబడ్డట్టు అనిపించింది. పట్టించుకోలేదు.

శనివారం సింహాచలం అప్పన్న దర్శనానికి ఇద్దరం బయలుదేరాం. అడవివరం దాటి ఘాట్ రోడ్డు ఎక్కాం. రెండో మలుపు తర్వాత మూడో గేరులో ఎక్సలేటర్ తిప్పితే ఇంజను గొంతు పెరిగింది, స్పీడు మాత్రం 28 దగ్గరే ఉండిపోయింది. "ఏటండీ, బండి అరుస్తోందిగానీ ఎక్కట్లేదు?" అంది వెనక నుంచి మా ఆవిడ. రెండో గేరు వేస్తే కాస్త కదిలింది. కొండ మీదకి చేరేసరికి క్లచ్ వైపు నుంచి కాలిన వాసన. దిగేటప్పుడు చాలా నెమ్మదిగా దిగాం.

సోమవారం ఆరిలోవ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. రెండు నిమిషాలు నడిపి వచ్చి ఒకటే అడిగాడు.

"ఏటి సార్, దీంట్లో కారాయిల్ గానీ పోసీసేరా?"

పోశానన్నాను.

"ప్లేట్లు జారతన్నాయి సార్. ముందు ఆయిల్ మార్సండి. అప్పుడికీ తగ్గకపోతే ఇప్పుదాం."

ఇంటికొచ్చి డబ్బా వెనక్కి తిప్పి చూశాను. ఏపీఐ గుండ్రటి ముద్ర కింది అర్ధచంద్రంలో చిన్న అక్షరాల్లో 'రిసోర్స్ కన్జర్వింగ్' అని ఉంది. జాసో అన్న మాట డబ్బా మీద ఎక్కడా లేదు.

బైకులో ఒకే ఆయిల్ మూడు పనులు చేస్తుంది. పిస్టన్‌ని, గేరుబాక్సుని తడుపుతుంది, క్లచ్ ప్లేట్లు కూడా అందులోనే మునిగి ఉంటాయి. మాన్యువల్ గేర్ల కారులో క్లచ్ పొడిగా, ఇంజనాయిల్‌కి దూరంగా ఉంటుంది. అందుకే కారు ఆయిల్‌లో పెట్రోలు ఆదా కోసం రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. కారుకి మేలు చేసే ఆ జారుడే తడి క్లచ్‌కి చేటు. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలి, అక్కడ రాపిడి కావాలి. 1990ల్లో కారు ఆయిళ్లు ఈ దారి పట్టాకే జపాన్ వాళ్లు 1998లో బైకులకు వేరేగా జాసో టి 903 ప్రమాణం తెచ్చారు. ఎంఏ అంటే రాపిడి తగినంత ఉన్నది, ఎంబీ అంటే తక్కువ ఉన్నది. 2006లో ఎంఏని మళ్లీ ఎంఏ1, ఎంఏ2గా విడగొట్టారు. రెండింట్లో పట్టు ఎక్కువ ఎంఏ2కి.

దశ 1-బి: కడగడం, విప్పడం (61,724 – 61,850)

1. కారు ఆయిల్ తీసేశాను.
2. 10డబ్ల్యూ-30 ఎంఏ మినరల్ ఆయిల్ 1 లీటరు పోశాను (390 + వాషర్ 10).
3. 126 కి.మీ. తిరిగి అదీ తీసేశాను.

జారడం సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. మేస్త్రి క్లచ్ కవరు విప్పాడు. వెర్నియర్‌తో కొలిస్తే ఫ్రిక్షన్ ప్లేట్లు 2.6 మి.మీ. దగ్గర ఉన్నాయి. కొత్తవి 3.0. మాన్యువల్ ప్రకారం మార్చేయాల్సిన హద్దు కూడా 2.6. పైపొర గాజులా మెరుస్తోంది, గోరుతో గీస్తే గీత పడలేదు. అంటే నేరమంతా కారు ఆయిల్‌ది కాదు. అరవై వేలు తిరిగిన ప్లేట్లు అప్పటికే అంచున ఉన్నాయి, ఆయిల్ వాటిని తోసేసింది. కొత్త ప్లేట్లు పడిన బండిలో ఇదే ఆయిల్ పోసినవాళ్లు "మాకేం కాలేదే" అంటే అబద్ధమనుకోనక్కర్లేదు. వాళ్ల ప్లేట్లకు ఇంకా మందం ఉంది, అంతే.

ప్లేట్ల సెట్టు 720, గాస్కెట్ 70, మజూరీ 400.

ఇప్పటిదాకా: రూ. 1,600, 610 కి.మీ.

దశ 2: 20డబ్ల్యూ-50 ఎంఏ (61,850 – 64,050)

మేస్త్రి సలహా: "పాత బండి సార్, సిక్కటాయిల్ పొయ్యండి. సౌండు తగ్గుతాది." మన దగ్గర చాలామంది చేసేది ఇదే కాబట్టి కొలిచి చూద్దామనుకున్నాను.

ముందు ఆ అంకెల సంగతి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. 10డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు, ఆ చలిలో ఇంజను తిరగగలదా అని. లంబసింగి చలిలో కూడా మనకి ఆ పరీక్ష అవసరం రాదు. మనకి పనికొచ్చేది రెండో అంకె, అది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల లోపు. 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు. 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. కాబట్టి వేడెక్కిన ఇంజనులో 50 ఆయిల్ 30 ఆయిల్‌కి దాదాపు ఒకటిన్నర రెట్లు చిక్కన. చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా ఎక్కువ. ఎంత ఎక్కువో ఇంట్లోనే చూశాను.

సిరంజి కొలత ఇలా:

1. రెండు ఆయిళ్లనూ రాత్రంతా ఒకే గదిలో ఉంచాలి. నేను కొలిచిన ఉదయం గది 30 డిగ్రీలు.
2. సిరంజి మొనకి వేలు అడ్డం పెట్టి 20 మి.లీ. గీత దాకా నింపాలి. పిస్టన్ తీసేసి ఉండాలి.
3. నిట్టనిలువుగా పట్టుకుని వేలు తీసి, ఫోనులో టైము చూడాలి.
4. మూడుసార్లు చేసి నడిమి అంకె రాసుకోవాలి.

కొత్త 10డబ్ల్యూ-30: 118 సెకన్లు. కొత్త 20డబ్ల్యూ-50: 305 సెకన్లు.

మొదటిసారి సిరంజిని చేత్తో పట్టుకున్నాను. చెయ్యి వేడికి రెండో కొలత తొమ్మిది సెకన్లు తగ్గింది. తర్వాత నుంచి చెక్క స్టాండుకి తాడుతో కట్టాను. ఇది ప్రయోగశాల లెక్క కాదు, సెంటీస్టోకులు చెప్పదు. ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చడానికి మాత్రం చక్కగా పనికొస్తుంది.

ఆ 305 సెకన్ల ఆయిల్ పొద్దున్న ఆరింటికి ఎలా ఉంటుందో బండి చెప్పింది. స్టార్ట్ చేశాక హెడ్డు నుంచి వచ్చే టిక్ టిక్ 10డబ్ల్యూ-30తో మూడు నాలుగు సెకన్లలో ఆగిపోయేది, దీంతో పది దాకా ఉంది. మొదటి కిలోమీటరు ఒకటి నుంచి రెండుకి గేరు బరువుగా పడింది. వేడెక్కాక మాత్రం మేస్త్రి చెప్పింది నిజమే, ఇంజను శబ్దం మెత్తబడింది.

వేడి కొలవడంలో నా రెండో తప్పు. గన్నుని నున్నటి అల్యూమినియం కవరు మీద పెడితే 61 డిగ్రీలు చూపించింది. ఎన్‌ఏడీ ట్రాఫిక్కులో అరగంట నలిగొచ్చిన ఇంజను 61 డిగ్రీలేమిటి? మెరిసే లోహం మీద ఈ గన్నులు తక్కువ చూపిస్తాయి. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తే వేడికి మెత్తబడి ఊడిపోయింది. చివరికి సైలెన్సర్లకు వేసే నల్లటి మాట్ రంగుతో రూపాయి బిళ్లంత చుక్క పెట్టాను. దాని మీద 99 వచ్చింది. అంతకు ముందు రాసుకున్న అంకెలన్నీ కొట్టేశాను.

మైలేజీ కొలిచింది ఎండాడ దగ్గర ఒకే బంకులో, సెంటర్ స్టాండు వేసి, పెట్రోలు గన్ను మొదటిసారి ఆగేదాకా నింపి. నాలుగు ట్యాంకుల సగటు 49.4.

2,200 కి.మీ. తర్వాత వేడి మీద ఆయిల్ తీసి పావుగంట కారనిస్తే జగ్గులో 900 మి.లీ. పోసింది 1,000. ఖర్చయింది 100, అంటే వెయ్యి కి.మీ.కి 45 మి.లీ.

ఆయిల్ 410, వాషర్ 10. ఇప్పటిదాకా: రూ. 2,020, 2,810 కి.మీ.

దశ 3: 10డబ్ల్యూ-30 ఎంఏ మినరల్ (64,050 – 66,550)

కంపెనీ చెప్పిన ఆయిలే. పొద్దున్న స్టార్టింగు తేలిక, గేర్లు తేలిక. నాలుగు ట్యాంకుల సగటు 51.2. నల్ల చుక్క మీద 96 డిగ్రీలు. 20డబ్ల్యూ-50తో వచ్చిన 99కి దీనికి తేడాగా నేను లెక్క వేయను, ఆ మూడు డిగ్రీలు ఎండా ట్రాఫిక్కూ కలిసి తేగలవు. చిక్కటి ఆయిల్ ఇంజనుని చల్లగా ఉంచుతుందన్న మాటకి మాత్రం నా కొలతల్లో ఆధారం దొరకలేదు.

మూడో తప్పు ఇక్కడ జరిగింది, అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ప్రతి ఆదివారం డిప్‌స్టిక్ తుడిచి, మర బిగించి, తీసి చూసేవాణ్ని. రెండు గీతల మధ్య బాగానే ఉండేది. 65,350 దగ్గర మాన్యువల్ మళ్లీ తిరగేస్తే తెలిసింది: నా బండికి డిప్‌స్టిక్‌ని మర బిగించకుండా, ఊరికే ఆనించి చూడాలి. బిగిస్తే పుల్ల ఇంకా లోతుకి దిగి ఆయిల్ ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. ఆనించి చూస్తే చివర తడిసింది అంతే, కింది గీత కూడా అందలేదు. ఎన్ని వారాలు అలా తిప్పానో తలుచుకుంటే ఇప్పటికీ గుబులుగా ఉంటుంది. వెంటనే అదే ఆయిల్ ఇంకో డబ్బా కొని 150 మి.లీ. పోశాను. కొన్ని బండ్లకు బిగించే చూడాలి, కొన్నిటికి ఆయిల్ మట్టం కనిపించే అద్దం ఉంటుంది. మీ మాన్యువల్ ఏం చెబితే అదే.

జులైలో రెండు వారాలు పని ఋషికొండలో పడింది, ఇంటి నుంచి ఆరు కిలోమీటర్లే. పదో రోజు ఆయిల్ మూత తీస్తే లోపలంతా పాలెక్కువైన టీ రంగు నురగ. గాస్కెట్ పోయిందనుకుని గుండె జారింది. కానీ ఎయిర్ కూల్డ్ ఇంజనులో కూలెంట్ నీళ్లు ఉండవు కదా, కలవడానికి. అది గాలిలో తేమ. సముద్రం ఒడ్డున వానాకాలపు గాలి, ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేయడం, రెండూ కలిసి లోపల చెమ్మ నిలిచింది. ఆదివారం భీమిలి దాకా ఆగకుండా వెళ్లొచ్చాను. మూత తీస్తే నురగ లేదు. అప్పటినుంచి దగ్గర ప్రయాణాల వారాల్లో ఒక్క పొడుగు ప్రయాణం తప్పకుండా పెడుతున్నాను.

తీసినప్పుడు జగ్గులో 880. పోసింది మొత్తం 1,150. తరిగింది 270 మి.లీ., వెయ్యి కి.మీ.కి 108. వాడిన ఆయిల్ గది వేడికి వచ్చాక సిరంజిలో 92 సెకన్లు, కొత్తదానికి 118. గేరు పళ్ల మధ్య నలిగి ఆయిల్‌లోని పొడుగు అణువులు తెగిపోవడం దీనికి ప్రధాన కారణం. కార్ల ఇంజనాయిల్‌కి ఈ గేరుబాక్సు బాధ లేదు. పెట్రోలు కొంచెం కలవడం కూడా పల్చబరుస్తుంది. అంటే 2,500 దగ్గరకి నా 30 ఆయిల్ 30గా ఉందో లేదో అనుమానమే.

ఆయిల్ 390, వాషర్ 10, రెండో డబ్బా 390 (అందులో 850 మి.లీ. మిగిలింది). ఇప్పటిదాకా: రూ. 2,810, 5,310 కి.మీ.

దశ 4: 10డబ్ల్యూ-40 ఎంఏ2, సెమీ సింథటిక్ (66,550 – 69,050)

ఎందుకు మార్చానంటే: 30 ఆయిల్ తరుగు ఎక్కువ, 50 ఆయిల్ పొద్దున్న బరువు. పట్టీలో 40కి కంపెనీ అనుమతి ఉంది. ఎంఏ2 కోరి తీసుకున్నాను, కొత్త ప్లేట్లకు పట్టు బాగుండాలని.

కొనేటప్పుడు చూసినవి:

1. డబ్బా వెనక జాసో ఎంఏ2. పెట్టెలాంటి ముద్ర ఉంటే అందులో పైన కోడు, కింద తరగతి ఉంటాయి.
2. ఏపీఐ ఎస్‌జే లేదా ఆపైది, 'రిసోర్స్ కన్జర్వింగ్' లేనిది.
3. మూత సీలు తెగకుండా, ప్యాకింగు నెల చెరగకుండా ఉండడం.

ఖాళీ డబ్బా అడుగున మేకుతో చిల్లు పొడిచి పారేస్తాను. మంచి డబ్బా కల్తీవాళ్ల చేతికి పోకూడదు.

ఆయిల్ మార్చే రోజే ఇంకో దెబ్బ. పొడుగు పైపు తొడిగిన పానాతో డ్రెయిన్ బోల్టు బిగించాను. చివరి పావు తిప్పులో చేతికి మెత్తగా తగిలింది, ఆ మెత్తదనం తెలిసినవాళ్లకి గుండె ఆగుతుంది. మర పోయింది. బోల్టు ఇనుము, కేసింగు అల్యూమినియం. మాన్యువల్‌లో ఉన్నది 2.5 కిలోగ్రామ్-మీటర్ల బిగువు, నేను దానికి రెట్టింపు పైనే లాగి ఉంటాను. లేత్ షాపతను కొత్త మర గూడు దిగ్గొట్టి ఇచ్చాడు, 450. ఇప్పుడు పొట్టి పానా, కొత్త వాషర్, మణికట్టు బలం, అంతే.

కొలతలు: కొత్త ఆయిల్ సిరంజిలో 165 సెకన్లు, 2,500 కి.మీ. తర్వాత 141. హెడ్డు శబ్దం నాలుగైదు సెకన్లలో ఆగింది. నల్ల చుక్క 97. నాలుగు ట్యాంకుల సగటు 50.6. జగ్గులో 850, ఖర్చు 150, అంటే వెయ్యికి 60 మి.లీ.

మైలేజీ అంకెల గురించి ఒక మాట. ఏ ఆయిల్‌లోనైనా ట్యాంకుకి ట్యాంకుకి అర కిలోమీటరు అటూఇటూ అయింది. కాబట్టి 51.2కీ 50.6కీ మధ్య తేడా ఉందని నేను ప్రమాణం చేయను. 49.4 మాత్రం స్పష్టంగా తక్కువ. 2,500 కి.మీ.కి 10డబ్ల్యూ-40 కంటే 20డబ్ల్యూ-50 దాదాపు 1.2 లీటర్ల పెట్రోలు ఎక్కువ తాగింది. లీటరు 110 లెక్కన సుమారు 132 రూపాయలు. 20డబ్ల్యూ-50 డబ్బా 410, ఇది 520. చవక ఆయిల్‌లో మిగిలిన 110 బంకులోనే పోయింది.

సింహాచలం ఘాట్ మళ్లీ ఎక్కాం, ఇద్దరమే, మూడో గేరులోనే. అదే రెండో మలుపు. స్పీడు 34, ఎక్సలేటర్ తిప్పితే 38కి వచ్చింది.

ఆయిల్ 520, వాషర్ 10, మర 450. ఇప్పటిదాకా: రూ. 3,790, 7,810 కి.మీ.

దశ 5: మళ్లీ అదే ఆయిల్ (69,050 – ఇప్పుడు 70,540)

ఇక ఆయిల్ రకం మార్చడం లేదు. గడువూ అదే: రెండు వేల ఐదు వందలకే తీస్తాను, డబ్బా మీద సింథటిక్ అన్న మాట చూసి పొడిగించను. గేరుబాక్సు నలుగుడు అందరికీ ఒకటే. పాత ఆయిల్ ఆరిలోవ మేస్త్రి డ్రమ్ములో పోసి వస్తున్నాను. కాలవలో పారబోస్తే గెడ్డలోంచి నేరుగా సముద్రంలోకే పోతుంది.

1,490 కి.మీ. దగ్గర డిప్‌స్టిక్ ఆనించి చూస్తే పై గీతకి కొంచెం కింద ఉంది. కొత్త మర దగ్గర చెమ్మ లేదు.

ఇప్పటిదాకా: రూ. 4,320, 9,300 కి.మీ.

మిగిలిన 850 మి.లీ. 10డబ్ల్యూ-30 ఎంఏ గురించి మా అక్క అడిగింది, తన స్కూటర్‌కి పనికొస్తుందా అని. స్కూటర్ మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30, ఎంబీ అని ఉంది. స్కూటర్ క్లచ్ పొడిగా, బెల్టు వైపు ఉంటుంది కాబట్టి దానికి ఎంఏ పోస్తే జారడమన్న ప్రశ్నే లేదు, మైలేజీ రవ్వంత తగ్గొచ్చు. తిరగేసి మాత్రం చేయకూడదు, ఎంబీ డబ్బా నా బండిలో పోస్తే మళ్లీ అప్పన్న కొండ దగ్గరికే వస్తాను. నిన్న సాయంత్రం అక్క స్కూటర్‌లో 700 పోశాం. డబ్బాలో 150 ఉంది, మీద పెద్ద అక్షరాలతో 'స్కూటర్' అని రాసి అక్కకే ఇచ్చేశాను.